శిల్పికి కూర్చోవచ్చా?

సందేహం: పిల్లల కోసం ఒక ఇంగ్లీషు వ్యాసాన్ని తెలుగు చేస్తూ ‘విక్టోరియా రాణి చాంట్రీ అనే శిల్పికి కూర్చుంది’ అని రాశాను. అది తెలుగులా లేదని మా అత్తగారు అన్నారు. తప్పెక్కడ ఉంది? రాణి శిల్పాన్ని విగ్రహం అనవచ్చా? ఇక్కడి ఒడియావారు దేవుడిదైతే విగ్రహం, మనిషిదైతే ప్రతిమూర్తి అంటారు.
– ఒక ఉపాధ్యాయురాలు, పర్లాకిమిడి

సమాధానం: మీ అత్తగారి మాట నిజం. శిల్పి తన రూపాన్ని మలిచేందుకు వీలుగా ఎదుట కూర్చోవడాన్ని ఇంగ్లీషులో ‘సిట్ టు’ అంటారు. మీ వాక్యం దానికి మక్కికి మక్కి అనువాదం. నలుగురి నోట నలిగే మాటకు విలువ ఇవ్వాలని పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు మీది. ఆ నోటి మాటనే అడుగుదాం.

భోజనానికి కూర్చుంటాం, వ్రతానికి కూర్చుంటాం, పరీక్షకు కూర్చుంటాం. ‘కు’ చేరినవన్నీ పనులే, మనుషులు కారు. వడ్డించేవారికి కూర్చున్నామని, పురోహితుడికి కూర్చున్నామని ఎవరూ అనరు. దర్జీకి కొలతలిచ్చాను అంటాం గాని దర్జీకి నిలబడ్డాను అనం. కొలతలు ఆయనకు అందుతాయి, నిలబడటం అందేది కాదు.

ఇలాంటి పనిని తెలుగు ‘ఇంచు’, ‘కొను’ల జంటతో చెబుతుంది. చెవులు కుట్టించుకొంటాం, బొమ్మ గీయించుకొంటాం. చేసేది వేరొకరని, ఫలం మనదని ఒక్క క్రియలోనే తేలిపోతుంది. ఫోటో విషయంలో జనం మరో పలుకుబడి పుట్టించుకొన్నారు: ‘ఫోటో దిగాం’. అరువు వస్తువుకు సొంత క్రియ! నాకెంతో ఇష్టమైన మాట ఇది. శిల్పానికి మాత్రం అతకదు.

అలాగని వెంటనే ‘చెక్కించుకొంది’ అని దిద్దేయకండి. చాంట్రీ ముందుగా కెమెరా లూసిడా అనే పరికరం సాయంతో ఎదుట ఉన్నవారి ముఖాన్ని ఒకసారి ముందునుంచి, ఒకసారి పక్కనుంచి పెన్సిలుతో గీసుకొనేవాడు. తరవాత బంకమట్టితో మలిచేవాడు. పాలరాతి మీద ఉలి పడేది ఆ పైనే, అదీ చాలావరకు సహాయకుల చేతుల్లో. కూర్చున్న సమయాన్ని చెప్పేటప్పుడు ‘రాణి తన ప్రతిమ కోసం శిల్పి చాంట్రీ ఎదుట కూర్చున్నారు’ అని రాయండి. మొత్తం పనిని చెప్పేటప్పుడు ‘చెక్కించుకొన్నారు’ బాగుంటుంది. చరిత్ర పాఠం కనుక ఇక్కడ ‘కూర్చున్నారు’ అనే మన్నన మాట బదులు ‘కూర్చుంది’ అన్నా తప్పు లేదు.

విగ్రహం అనే మాటకు ఒడియావారి కట్టుబాటు వారి భాషకు సరిపోతుంది. మనకు గాంధీదీ విగ్రహమే. తిరుమలలో ఇద్దరు దేవేరులతో చేతులు జోడించి నిలిచిన శ్రీకృష్ణదేవరాయలదీ విగ్రహమే. బతికున్న మనిషినే ‘నిండైన విగ్రహం’ అంటాం గదా, సంస్కృతంలో ఆ మాటకు శరీరమనే అర్థమూ ఉంది. అయినా మీ వ్యాసంలో ‘ప్రతిమ’ అనే ఉంచమంటాను. చాంట్రీ చేసినది తల, భుజాల వరకే. విగ్రహం అనగానే మీ పిల్లలు నిలువెత్తు రాణిని ఊహించుకొంటారు.