సైకిల్ దారి వేయించే ముందు

చిరంజీవి అమ్మాయికి, పెదనాన్న ఆశీస్సులు.

మీ మున్సిపాలిటీలో సైకిల్ దారి పని నీకే అప్పగించారని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. చాలా సంతోషం. ఇదే పని ఒకప్పుడు నా చేతిలో చెడింది కాబట్టి నాలుగు మాటలు రాస్తున్నాను.

ఉద్యోగంలో ఉండగా మెయిన్ రోడ్డు పక్కన పచ్చరంగు పూయించి, తెల్లగీత గీయించి, సైకిల్ బొమ్మ వేయించాను. ఆరు నెలలు తిరిగేసరికి అక్కడ కార్లు, తోపుడుబండ్లు నిలబడ్డాయి. సైకిళ్ళవాళ్ళు మళ్ళీ లారీల మధ్యకే పోయారు. అందులో ఒకాయన కాలు పోగొట్టుకున్నాడు. నేటికీ నాకు మనసులో ముల్లే అది. గీతని ఎవరూ ఖాతరు చెయ్యరమ్మా, రోడ్డుకీ సైకిల్ దారికీ మధ్య కర్బు, అంటే ఎత్తు గట్టు, కట్టించు.

డ్రాయింగు మొదలెట్టకముందు ఓ వారం తెల్లవారుజామున అయిదున్నరకి జంక్షన్లో నిలబడు. పాలవాళ్ళు, పేపరు వేసే కుర్రాళ్ళు, హ్యాండిల్‌కి క్యారేజీ తగిలించుకున్న తాపీ మేస్త్రీలు, రాత్రి డ్యూటీ దిగిన వాచ్‌మన్లు కనిపిస్తారు. నీ దారి వాళ్ళది. 2011 జనాభా లెక్కల్లో వ్యవసాయం, కుటీర పరిశ్రమలు కాక వేరే పనులకు పోయేవాళ్ళలో నూటికి 13 మంది సైకిల్ మీదే వెళ్ళేవారు. మోటార్ సైకిళ్ళు, స్కూటర్ల వాళ్ళు అంతకన్నా ఓ పిసరు తక్కువే. రోజూ ఇరవై కిలోమీటర్లు బండి మీద తిరిగితే అర లీటరు పెట్రోలు దాకా అవుతుంది, అంటే నెలకి వెయ్యి రూపాయల పైమాటే. కూలి ఇంట్లో ఆ డబ్బు మిగిలితే పిల్లల ఫీజుకి వస్తుంది.

హైదరాబాద్‌లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల దారి వేసి, దానిమీద సోలార్ పలకల కప్పు వేశారు. 2023లో మొదలైంది. నీడ ఆలోచన గొప్పది, మన ఎండలకి అది లేకపోతే ఎవరూ తొక్కరు. నీకు అంత డబ్బు రాదు, వేపలూ కానుగలూ నాటించు. కానీ ఆ హైదరాబాద్ దారి ఊరి అంచున ఉంది. నీ దారి బడినీ బజారునీ బస్టాండునీ కలపాలి. స్పెయిన్‌లో సెవిల్ నగరం 2006 తర్వాత కొద్దికాలంలోనే దాదాపు 80 కిలోమీటర్లు ఒకదానితో ఒకటి కలిసేలా వేసింది, అందుకే జనం ఎక్కారు. ముక్కలుముక్కలుగా వేస్తే తెగినచోటే ప్రమాదం.

దుకాణాలవాళ్ళు పార్కింగ్ పోతుందని గొడవ చేస్తారు. కోప్పడకు. ఒక్క కారు ఆగే చోట పది సైకిళ్ళు పడతాయని వాళ్ళ వాకిట్లోనే స్టాండు పెట్టి చూపించు.

చిన్నదే అయినా మరవకు: డ్రెయిన్ జాలీ ఊచలు చక్రానికి అడ్డంగా ఉండాలి. నిలువుగా పెడితే టైరు దిగబడి మనిషి తలకిందులవుతాడు.

టెండరు పిలిచే ముందు క్యారియర్‌కి బియ్యం బస్తా కట్టి, ఆ దారంతా ఒకసారి నువ్వే తొక్కు. ఎక్కడ కాలు కింద పెట్టాల్సి వస్తుందో అక్కడ డ్రాయింగు మార్చు.

మీ పెదనాన్న