ఫ్రీలాన్స్ ఫోటోగ్రాఫర్ పని: కెమెరా పట్టుకోని గంటల లెక్క

అడిగిన ప్రశ్న ఇది: "ఉద్యోగం మానేసి ఫ్రీలాన్స్ ఫోటోగ్రఫీలోకి రావాలని ఉంది. కెమెరా పని బాగానే వచ్చు. రోజువారీ పని ఎలా ఉంటుంది? ఎక్కడ దెబ్బ తింటారు?"

ముందు ఒక లెక్క చూడండి, మిగతాది చాలావరకు దాన్నుంచే తెలుస్తుంది. ఎనిమిది గంటల కార్యక్రమం తీశారనుకుందాం, 2,000 ఫ్రేములు (ఒక్కో క్లిక్కుకి ఒక ఫోటో) వచ్చాయి. ఒక్కోదానికి రెండు సెకన్లు పెట్టి ఏరినా మొదటి విడతకే దాదాపు గంటా పది నిమిషాలు. అందులో 400 ఇవ్వాలంటే, సగటున నిమిషం చొప్పున ఎడిటింగ్‌కి ఆరు గంటల నలభై నిమిషాలు. రెండో విడత ఏరడం, కాపీలు, ఎక్స్‌పోర్ట్, అప్‌లోడ్, క్లయింటుతో మాటలు అన్నీ కలిపి ఇంకో నాలుగు గంటలు వేసుకోండి. ఎనిమిది గంటల షూట్ వెనక పన్నెండు గంటల కుర్చీ పని ఉందన్నమాట. "ఒక రోజు పనే కదా" అని రేటు చెప్పినవాళ్లు రెండున్నర రోజులు కష్టపడి ఒక రోజు కూలి తీసుకుంటున్నారు. కొత్తవాళ్లకు తగిలే మొదటి దెబ్బ ఇదే.

అందుకని రేటును ఏడాది నుంచి వెనక్కి లెక్కేయండి. ఇంటి ఖర్చు, పన్ను, సామానుకి బీమా, సాఫ్ట్‌వేర్ చందాలు, ప్రయాణాలు, సామాను అరుగుదల అన్నీ కూడి, మీకు నిజంగా దొరకగల షూట్ల సంఖ్యతో భాగించండి. అరుగుదలని చాలామంది మర్చిపోతారు. మెకానికల్ షట్టర్‌ని (క్లిక్కు కొట్టినప్పుడు వెలుతురుని లోపలికి వదిలి మూసే తెరని) 1,50,000 లేదా 2,00,000 క్లిక్కుల దాకా పరీక్షించామని చాలా బాడీల (లెన్స్ లేని కెమెరాల) తయారీదారులు చెబుతారు. ఏడాదికి 80 షూట్లు, షూట్‌కి 2,000 ఫ్రేములు అంటే 1,60,000 క్లిక్కులు. ఒకే బాడీ మీద పనిచేస్తే ఏడాది తిరిగేసరికి ఆ అంకె దగ్గరికి వచ్చేస్తారు. అంకె దాటగానే షట్టర్ ఆగిపోదు. దాటేదాకా పోదన్న హామీ కూడా లేదు. రెండో బాడీ ఉండి తీరాలి. కొనలేకపోతే అద్దెకి తెచ్చుకోండి, ఆ అద్దెని రేటులో కలపండి.

ఫోన్‌లో ఏం మాట్లాడుకున్నా అదే రోజు రాతపూర్వకంగా పంపండి. తేదీ, చోటు, మొదలయ్యే గంట, ముగిసే గంట, గంట దాటితే ఎంత, ఎన్ని ఫోటోలు ఇస్తారు, ఏ తేదీకి ఇస్తారు, అడ్వాన్సు ఎంత, రద్దయితే ఏం తిరిగి వస్తుంది, ఎన్నిసార్లు మార్పులు చేస్తారు. కంపెనీ పని అయితే ఫోటోలు ఎక్కడ వాడుకుంటారో, ఎంతకాలం వాడుకుంటారో తప్పనిసరిగా రాయాలి. వెబ్‌సైట్‌కని తీసిన ఫోటో ఆరు నెలల తర్వాత హోర్డింగ్ మీదికి ఎక్కితే, రాత లేనప్పుడు మీరు అడగడానికి ఏమీ ఉండదు. రా ఫైళ్లు (కెమెరా సెన్సార్ నుంచి వచ్చిన, ఎడిట్ చేయని ఫైళ్లు) ఇస్తారో ఇవ్వరో కూడా ముందే చెప్పేయండి. షూట్ అయిపోయాక ఆ మాట ఎత్తితే ఎటు చెప్పినా మనస్పర్థే.

షూట్‌కి ముందు రాత్రి సామాను సర్దేటప్పుడు ఒక పని అస్సలు మరవకండి: రెండు కెమెరాల గడియారాలు సెకను తేడా లేకుండా కలపాలి. తేడా ఉంటే రెండు మెమరీ కార్డుల ఫోటోలూ కలిపి సమయం ప్రకారం పేర్చినప్పుడు వరస గందరగోళమవుతుంది. అప్పటికే తేడా వచ్చి ఉంటే ఒక దారి ఉంది: రెండు కెమెరాలతో ఒకే ఫోన్ గడియారాన్ని తీసిన ఫోటోలు ఉంటే తేడా ఎంతో తెలుస్తుంది, లైట్‌రూమ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఒక కెమెరా ఫోటోలన్నిటి సమయాన్నీ ఒకేసారి జరపొచ్చు. అందుకే షూట్ మొదట్లో ఆ ఒక్క ఫ్రేము తీయడం అలవాటు చేసుకోండి.

ఫ్లాష్‌లో వేసే ఏఏ సైజు రీఛార్జబుల్ సెల్స్‌ని నాలుగేసి సెట్లుగా విడదీసి మార్కర్‌తో గుర్తు పెట్టండి. ఒక సెట్‌లోది ఇంకో సెట్‌లో కలపకండి. నాలుగిట్లో ఒకటి బలహీనమైనా ఫ్లాష్ మళ్లీ సిద్ధం కావడానికి పట్టే సమయం పెరిగిపోతుంది, తప్పు ఏ సెల్‌దో అక్కడ కనిపెట్టలేరు. విమానంలో వెళ్తుంటే విడి లిథియం బ్యాటరీలు చేతి సామానులోనే ఉండాలి. లగేజీలో వేసే బ్యాగులో వాటిని అనుమతించరు.

కార్డుని కెమెరాలోనే ఫార్మాట్ చేయండి, కంప్యూటర్‌లో వద్దు. కెమెరాలో రెండు కార్డు స్లాట్లు ఉంటే ప్రతి ఫ్రేము రెండింట్లోనూ పడేలా పెట్టండి. చాలామంది "ఒకటి నిండాక ఇంకొకటి" అన్న సెట్టింగ్‌లో వదిలేస్తారు. దానితో కార్డు పాడైనప్పుడు కలిగే రక్షణ సున్నా. 24 మెగాపిక్సెల్ కెమెరా కుదించిన రా ఫైలు సుమారు 30 ఎంబీ అనుకుంటే 2,000 ఫ్రేములకి 60 జీబీ. 128 జీబీ కార్డు హాయిగా సరిపోతుంది. కార్డు చివరంటా నిండేదాకా ఆగకండి, కార్యక్రమం నెమ్మదించినప్పుడు మార్చేయండి. కార్డు మీదికి రాస్తున్నట్టు చూపే చిన్న లైటు వెలుగుతుండగా కార్డు తలుపు తెరవడమంటే కార్డుని చేతులారా పాడుచేసుకోవడమే.

షూట్ చోటికి కనీసం అరగంట ముందే చేరి వెలుతురు చూసుకోవాలి. ఇప్పుడు ఎక్కువగా ఇబ్బంది పెట్టేది ఎల్ఈడీ లైట్ల మిణుకు. కంటికి కనిపించదు. షట్టర్ వేగం సెకనులో 1/1000 వంతు దగ్గర పెట్టి వరసగా ఆరు ఫ్రేములు కొట్టండి. ఒకదానికీ మరొకదానికీ వెలుతురులో, రంగులో తేడా వచ్చినా, అడ్డంగా చారలు పడినా మిణుకు ఉన్నట్టే. కరెంటు 50 హెర్ట్జ్ ఉన్నచోట లైటు సెకనుకి 100 సార్లు హెచ్చుతగ్గులవుతుంది కాబట్టి 1/100 లేదా 1/50, 60 హెర్ట్జ్ ఉన్నచోట 1/125 లేదా 1/60 వాడండి. డిమ్మర్‌తో తగ్గించిన స్టేజీ లైట్లు, ఎల్ఈడీ తెరలు ఈ లెక్కకి లొంగవు. వాటికి కెమెరాలో ఫ్లికర్ (మిణుకు) కోసం షట్టర్‌ని చిన్నచిన్న మెట్లలో మార్చే సెట్టింగ్ ఉంటే తెర మీద చారలు మాయమయ్యేదాకా తిప్పాలి. చప్పుడు లేని ఎలక్ట్రానిక్ షట్టర్ అనేక కెమెరాల్లో సెన్సార్‌ని వరస వరసగా చదువుతుంది. చారలు ఎక్కువగా పడేది దానితోనే. నిశ్శబ్దం తప్పనిసరి కాకపోతే మెకానికల్‌కి మారండి. ఎడిటింగ్‌లో ఈ చారలు తీయడం నరకం.

ఇక కదలిక. నిలబడి మాట్లాడేవాళ్లకి 1/125, నడిచేవాళ్లకి 1/250, నృత్యానికి 1/500 కనీసం. ఐఎస్ఓ (వెలుతురుకి కెమెరా సున్నితత్వం) పెరుగుతుందని భయపడి షట్టర్ తగ్గించకండి. గ్రెయిన్‌ని (ఫోటోలో కనిపించే ఇసకలాంటి చుక్కల్ని) కొంతవరకు తగ్గించొచ్చు, కదిలిపోయిన ముఖాన్ని ఎవరూ బాగుచేయలేరు. ఐఎస్ఓ తక్కువ పెట్టి చీకటిగా తీసి తర్వాత ఎడిటింగ్‌లో లేపడం కూడా గ్రెయిన్‌ని తప్పించదు.

గదిలో పసుపుపచ్చ బల్బులుండి మీరు ఫ్లాష్ వాడితే ముఖం ఒక రంగులో, వెనక గోడ ఇంకో రంగులో వస్తాయి. ఫ్లాష్ వెలుగు సుమారు 5500 కెల్విన్ (వెలుగు రంగుని చెప్పే కొలత, తగ్గేకొద్దీ పసుపు), ఆ బల్బులు సుమారు 3000. ఫ్లాష్ ముందు నారింజ రంగు జెల్ ముక్క పెడితే రెండూ ఒక దారికి వస్తాయి. చిన్న ప్లాస్టిక్ ముక్క, గంటల ఎడిటింగ్ మిగులుస్తుంది.

గ్రూపు ఫోటోలో ఎవరో ఒకరు కళ్లు మూస్తారు. ఎన్ని ఫ్రేములు తీయాలన్నదానికి ఆస్ట్రేలియా పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ఓకి చెందిన పియర్స్ బార్న్స్, నిక్ స్వెన్సన్ లెక్క కట్టారు. దానికే 2006లో గణితంలో ఇగ్ నోబెల్ (నవ్వించి ఆలోచింపజేసే పరిశోధనలకి ఇచ్చే బహుమతి) వచ్చింది. వాళ్లు చెప్పిన సూత్రం: 20 మంది లోపు ఉంటే, వెలుతురు బాగుంటే మందిని మూడుతో, తక్కువగా ఉంటే రెండుతో భాగించండి. పన్నెండు మందికి మంచి వెలుతురులో నాలుగు, మసకలో ఆరు. ఈ సూత్రం పనికొస్తుంది, వాడండి. అందరి మీదా ఫోకస్ ఉండాలంటే లెన్స్ రంధ్రం (అపర్చర్) రెండు వరసలకి ఎఫ్ 5.6, మూడు నాలుగు వరసలకి ఎఫ్ 8. వరసల్ని ఒకదానికొకటి దగ్గరగా నిలబెట్టడం మాత్రం ఏ అంకె కన్నా ఎక్కువ మేలు చేస్తుంది.

ఏసీ గదిలోంచి ఉక్కపోతలోకి కెమెరా తెస్తే లెన్స్ మీద ఆవిరి పడుతుంది. బ్యాగు జిప్పు తెరవకుండా ఇరవై ముప్పై నిమిషాలు బయట ఉంచండి. ఆవిరి పట్టినప్పుడు లెన్స్ విప్పితే తేమ లోపలికి చేరుతుంది.

ఇంటికి వచ్చాక ఎంత అలసిపోయినా కార్డులు కాపీ చేయకుండా పడుకోకండి. మిగతావన్నీ రేపటికి వాయిదా వేయొచ్చు, ఇది వేయకూడదు. ఎస్‌డీ కార్డు పక్కన ఉండే చిన్న లాక్‌ని కిందికి జరపండి, పొరపాటున కూడా ఏదీ చెరగదు. కార్డులో ఉన్న ఫోల్డర్ మొత్తాన్ని కాపీ చేయండి, కట్ చేసి పేస్ట్ చేయకండి. మధ్యలో కేబుల్ ఊడితే కట్ చేసినవి అటూ ఇటూ కాకుండా పోతాయి. ఫోల్డర్ పేరులో ముందు సంవత్సరం, తర్వాత నెల, తర్వాత తేదీ, ఆపైన క్లయింటు పేరు ఉంటే ఫోల్డర్లు వాటంతటవే వరసలో నిలబడతాయి. రెండో డ్రైవ్‌కి కాపీని మళ్లీ కార్డు నుంచే చేయండి. మొదటి కాపీలో లోపం ఉంటే దాన్నుంచి తీసిన రెండోదాంట్లోనూ ఉంటుంది. రెండు చోట్లా ఫైళ్ల సంఖ్య, మొత్తం సైజు సరిచూడండి.

ఒక విషయం చాలామందికి తెలియదు. రా ఫైలు లోపల ఒక చిన్న జేపెగ్ (మామూలు ఫోటో ఫైలు) ఉంటుంది. ఫోల్డర్ తెరిచినప్పుడు మీకు కనిపించేది సాధారణంగా అదే. సెన్సార్ డేటా దెబ్బతిన్నా ఆ చిన్న బొమ్మ చక్కగానే కనిపిస్తుంది. "అన్నీ ఉన్నాయి" అనుకుని కార్డు ఫార్మాట్ చేసి, వారం తర్వాత ఎడిటింగ్‌కి తెరిస్తే సగం బొమ్మ గులాబీ రంగు చారలు. అందుకని లైట్‌రూమ్‌లో పూర్తి సైజు ప్రివ్యూలు కట్టించి రాత్రంతా వదిలేయండి, తెల్లారి ఏవైనా చెడిపోయాయేమో చూడండి. అప్పటికి రెండో స్లాట్ కార్డు మీ దగ్గరే ఉంటుంది. మూడో కాపీ ఇంటి బయట ఉండాలి, క్లౌడ్ కావచ్చు, ఇంకో చోట పెట్టిన డ్రైవ్ కావచ్చు. రెండు డ్రైవులు అద్దంలా నడిచే రెయిడ్ పెట్టె బ్యాకప్ కాదు. ఒకదాంట్లో చెరిపితే రెండోదాంట్లోనూ చెరుగుతుంది. మూడు కాపీలూ పూర్తయ్యాకే కార్డుకి ఫార్మాట్.

పొరపాటున ఫార్మాట్ చేసేస్తే ఆ కార్డుతో ఒక్క ఫ్రేము కూడా తీయకండి. మామూలు ఫార్మాట్ చాలా కెమెరాల్లో ఫైళ్ల జాబితానే తుడుస్తుంది, లోపలి డేటా కొత్తది రాసేదాకా ఉంటుంది. ఉచితంగా దొరికే ఫోటోరెక్ లాంటి ప్రోగ్రాముతో చాలావరకు తిరిగి తేవచ్చు. పేర్లు మాత్రం పోతాయి.

ఏరేటప్పుడు "ఏది తీసేద్దాం" అని చూడకండి, "ఏది ఉంచుదాం" అని చూడండి. మొదటి పద్ధతిలో అనుమానం ఉన్నవన్నీ మిగిలిపోతాయి. ఫోటో మెకానిక్ లాంటి సాఫ్ట్‌వేర్ రా ఫైలులో ఉన్న ఆ చిన్న జేపెగ్‌నే చూపిస్తుంది కాబట్టి వేగంగా కదులుతుంది. ఏరడానికి మంచిది, ఫైళ్లు బాగున్నాయో లేదో చూసుకోవడానికి మాత్రం అది చాలదు. ఎడిటింగ్ మొదలుపెట్టే ముందు కంప్యూటర్‌లో రాత్రిపూట తెరని పసుపుగా మార్చే సెట్టింగ్ ఆపేయండి, లేకపోతే ఫోటోలన్నీ నీలంగా తయారవుతాయి. తెర మరీ వెలుగుగా ఉంటే ప్రింట్లు చీకటిగా వస్తాయి. తెర వెలుగుని, రంగుల్ని కొలిచి సరిచేసే క్యాలిబ్రేటర్‌తో చదరపు మీటరుకి 100 నుంచి 120 క్యాండెలాల మధ్య పెట్టుకుంటే ఆ ఫిర్యాదు రాదు.

డెలివరీకి రెండు సెట్లు తయారుచేయండి. ప్రింటుకి పూర్తి సైజు, ఫోన్‌లో చూడ్డానికి పొడవు వైపు 2048 పిక్సెల్స్. రెండూ ఎస్ఆర్‌జీబీలోనే (ఫోన్లు, వెబ్‌సైట్లు మామూలుగా వాడే రంగుల పద్ధతి). అడోబ్ ఆర్‌జీబీలో ఇస్తే రంగుల ప్రొఫైల్ పట్టించుకోని యాప్‌లలో చర్మం రంగు వెలిసిపోయినట్టు కనిపిస్తుంది. 12×18 అంగుళాల ప్రింటుకి అంగుళానికి 300 చొప్పున 3600×5400 పిక్సెల్స్ కావాలి. 24 మెగాపిక్సెల్ ఫైలు సరిపోతుంది, గట్టిగా క్రాప్ చేస్తే (అంచులు కోసేస్తే) సరిపోదు. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫోటో కుదించుకుపోతుంది, ప్రింటుకి అయితే లింకు ఇవ్వండి. 400 ఫోటోలు ఒక్కోటి 10 ఎంబీ అయితే 4 జీబీ. సెకనుకి 10 మెగాబిట్ల అప్‌లోడ్ వేగంతో దాదాపు గంట పడుతుంది. "పది నిమిషాల్లో పంపిస్తా" అనేముందు ఇది గుర్తుంచుకోండి.

మిగిలిన డబ్బు చేతికందాకే పూర్తి సైజు లింకు తెరవండి. చూసుకోవడానికి చిన్న సైజు గ్యాలరీ ముందే ఇవ్వొచ్చు. ఇందులో మొహమాటం అక్కర్లేదు, ముందే రాసి ఉంటే ఎవరూ తప్పుగా అనుకోరు. కంపెనీలు బిల్లు మీద గడువు తీసుకుంటాయి. గడువు తేదీ బిల్లు మీద స్పష్టంగా ఉండాలి, అది దాటిన మర్నాడే గుర్తుచేయాలి. నెల ఆగితే మీకు తొందర లేదనుకుంటారు.

ఒంటి గురించి కొంచెం. 70-200 ఎఫ్ 2.8 లెన్స్ (దూరంగా ఉన్నవాళ్లని తీసే పెద్ద జూమ్), బాడీ కలిపి దాదాపు రెండు కిలోలు. అది మెడకి ఎనిమిది గంటలు వేలాడితే కొన్నేళ్లకి మెడ మాట వినదు. బరువు రెండు భుజాల మీదా పడే హార్నెస్ మొదటి ఏడాదిలోనే కొనండి.

జ్వరం వచ్చినా కార్యక్రమం తేదీ మారదు. మీ స్థాయిలో తీయగల ఇద్దరు ముగ్గురితో ముందే మాట్లాడుకోండి, వాళ్లకి కష్టమొస్తే మీరు, మీకు వస్తే వాళ్లు. మీ బదులు వేరొకరు రావచ్చన్న వాక్యం క్లయింటుకి పంపే రాతలో ఉండాలి. వచ్చే షూట్ల చోట్లు, సమయాలు, తప్పక తీయాల్సిన ఫోటోల జాబితా వాళ్లు తెరవగలిగే చోట పెట్టండి. వాళ్ల నంబర్లు మీ ఫోన్‌లోనే కాకుండా మీ ఇంట్లోవాళ్ల దగ్గర కూడా ఉంచండి, ఆ రోజు మీరు ఫోన్ చేసే స్థితిలో ఉండకపోవచ్చు.