ట్రాక్టరు వెనుక బ్లేడుకు స్కిడ్ షూలు ఎలా బిగించాలి?

అమెరికాలో ఇంటి ముందరి కంకర బాటపై మంచు తీస్తుంటే బ్లేడు రాళ్లను కూడా లాక్కుపోతోందని అడిగారు. బ్లేడు వెనుక రెండు చివరలా బిగించే స్కిడ్ షూలు (నేలపై జారే ఇనుప పాదాలు) దాని అంచును నేలకు కొంచెం ఎత్తులో నిలిపి ఈ ఇబ్బందిని తగ్గిస్తాయి.

ముందుగా ట్రాక్టరును చదునైన కాంక్రీటు మీద నిలిపి, టాప్ లింకును (ట్రాక్టరును బ్లేడు పైభాగానికి కలిపే, పొడవు మార్చగల కడ్డీని) పని చేసే కోణానికి సరిచేయండి. షూలు బిగించాక ఆ పొడవు మార్చితే బ్లేడు వాలు మారి, షూ అడుగుభాగం నేలకు సమంగా ఆనకుండా ముందంచో వెనకంచో గుచ్చుకుంటుంది. చాలామంది పొరబడేది ఇక్కడే. తర్వాత అంచు కింద రెండు చివరలా సమాన మందం గల చెక్కలు పెట్టి, బ్లేడును వాటిపై దించి, ఇంజను ఆపి, షూలను నేలకు ఆనేదాకా జార్చి పిన్నులు వేయండి. షూ కాడకు రంధ్రాలకు బదులు వాషర్లుంటే, రెండు వైపులా వాటి సంఖ్య సమానంగా ఉండాలి.

నేల గడ్డకట్టక మునుపు కంకరపై 1 అంగుళం ఎత్తు ఉంచడం మంచిది, గడ్డకట్టాక తగ్గించవచ్చు. పని చేసేటప్పుడు బ్లేడును ఎత్తి దించే లిఫ్టును పూర్తిగా దించకపోతే బరువు షూలపై పడదు, అప్పుడు ఈ సర్దుబాటంతా వృథా. బ్లేడును ఏటవాలుగా తిప్పి నడిపేవారికి గుండ్రని షూలే నయమని నా అభిప్రాయం.