స్టాప్ సైన్ దగ్గర నేనొక్కడినే ఆగుతున్నా, టెస్టులో ఏం చేయాలి? – సమాధానం

కాలిఫోర్నియాలో మీ వీధిలో అందరూ స్లో చేసి జారుకుంటున్నారని, మీరు ఆపితే వెనక హారన్ కొడుతున్నారని రాశారు. కొట్టనివ్వండి, పూర్తిగా ఆపండి. డీఎంవీ (అక్కడ డ్రైవింగ్ లైసెన్సులిచ్చే ప్రభుత్వ శాఖ) పెట్టే డ్రైవింగ్ టెస్టులో ఇలా పూర్తిగా ఆపకుండా జారుకుంటే అక్కడికక్కడే ఫెయిల్.

మూడు సెకన్లు లెక్కపెట్టాలని చట్టంలో ఏమీ లేదు, చక్రాలు ఆగాలి, అంతే. ఆగేటప్పుడు కారు ముందుభాగం కాస్త వంగి, మళ్లీ వెనక్కి ఊగుతుంది చూడండి, అప్పటిదాకా బ్రేక్ వదలొద్దు. ఆపేది తెల్ల గీతకు ముందే. పొదలు అడ్డొచ్చి పక్క రోడ్డు కనపడకపోతే, ఆగాక మెల్లగా ముందుకెళ్లి చూసుకోండి.

నాలుగు వైపులా స్టాప్ ఉంటే ముందొచ్చినవాళ్లది ముందు. ఒకేసారి వస్తే మీ కుడివైపు వాళ్లకి దారివ్వాలి. వాళ్లు చెయ్యి ఊపి పొమ్మన్నా, మీరు చూసుకున్నాకే కదలండి.