‘ఇన్‌ఫ్లేమబుల్’ అంటే మండుతుందా, మండదా?

“ఫ్లేమబుల్ అన్నా ఇన్‌ఫ్లేమబుల్ అన్నా అర్థం ఒకటే అంటున్నారు. ముందు ‘ఇన్’ ఉంటే వ్యతిరేకార్థం రావాలి కదా? అసలు ఈ మాట ఎక్కణ్ణుంచి వచ్చింది?” అని అడిగారు.

మండుతుంది. రెండూ చెప్పేది అదే, తేలిగ్గా అంటుకుంటుంది జాగ్రత్త అని. ముందు ఇది బుర్రలో పెట్టుకోండి, వ్యాకరణం సంగతి తర్వాత చూద్దాం. పెయింటు పలచన చేసే థిన్నర్లు, ఇతర సాల్వెంట్లు నిలవచేసే స్టోర్స్‌లో చాలాకాలం పనిచేసినవాణ్ణి. ఈ ఒక్క మాట దగ్గర నాకు ఓపిక తక్కువ.

తప్పు ‘ఇన్’ది కాదు, దాన్ని నేర్పే పద్ధతిది. ఇన్‌కరెక్ట్, ఇన్‌విజిబుల్, ఇన్‌కంప్లీట్ అని నాలుగు మాటలు చూపించి, ‘ఇన్’ అంటే ‘కాదు’ అని బట్టీ పట్టిస్తారు. లాటిన్‌లో ‘ఇన్’లు రెండున్నాయి. ఒకటి ‘కాదు’, రెండోది ‘లోకి’. ఇన్‌హేల్ అంటే ఊపిరి లోపలికి తీసుకోవడం. ఊపిరి తీసుకోకపోవడం అని ఎవరూ అనుకోరు కదా! ‘ఫ్లమ్మా’ అంటే మంట. ‘ఇన్‌ఫ్లమ్మారె’ అంటే మంట పెట్టడం, రగిలించడం. రగిలించడానికి వీలైనది ఇన్‌ఫ్లేమబుల్. ఇంగ్లీషులో ఈ మాట 1600 ప్రాంతానికే ఉంది. ఫ్లేమబుల్ అచ్చులో కనపడేది 1813లో. అంటే ఫ్లేమబుల్‌కి ఎవరో ‘ఇన్’ తగిలించారనుకోవడం తలకిందుల లెక్క.

డాక్టర్లు ఇన్‌ఫ్లమేషన్ అంటారే, అదీ ఈ వంశమే. ఎరుపు, వాపు, వేడి, నొప్పి అని దాని నాలుగు లక్షణాలూ ఒకటో శతాబ్దంలోనే రోమన్ రచయిత సెల్సస్ రాసిపెట్టాడు. డాక్టరు ఇన్‌ఫ్లమేషన్ ఉందంటే, మంట లేదన్నమాట అని సంతోషంగా ఇంటికి వెళ్లే రోగి ఎవరూ ఉండడు. అదే మాట డ్రమ్ము మీద కనిపిస్తే మాత్రం తికమక. తికమకకి ఇంకో కారణం కూడా ఉందనుకోండి. ఇన్‌కంబస్టిబుల్‌లో ఉన్నది ‘కాదు’ అనే ‘ఇన్’. కాబట్టి ఇన్‌కంబస్టిబుల్ మండదు, ఇన్‌ఫ్లేమబుల్ మండుతుంది. రాత్రి షిఫ్టులో నిద్రకళ్లతో చదివేవాణ్ణి ఈ తేడా పట్టుకోమనడం అన్యాయం.

ఇది ఊరికే అంటున్న మాట కాదు. ఒకసారి మా దగ్గర చెత్త వేయడానికి పీపా కావాల్సొచ్చి, ఖాళీ అయిన థిన్నర్ డ్రమ్ము పైభాగం కోసేయమని ఎవరో పురమాయించారు. నేను అటు వెళ్లేసరికి వెల్డరు డ్రమ్ము ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు. అంచు వెంట చాక్‌పీసుతో గుండ్రంగా గీత గీసి ఉంది. కళ్లద్దాలు నుదుటి మీదకి తోసుకుని ఒక చేత్తో కటింగ్ టార్చ్, ఇంకో చేత్తో లైటరు పట్టుకున్నాడు. ఎందుకో అనుమానం వచ్చి ఆగినట్టున్నాడు. పక్కనే కొత్తగా చేరిన హెల్పర్ కుర్రాడు, కాస్త చదువుకున్నవాడు, లేబుల్ మీద వేలు పెట్టి చూపిస్తున్నాడు.

“ఏం కాదన్నా. ఇదిగో, ఇన్‌ఫ్లేమబుల్ అని రాసుంది. దీనికి మంట అంటుకోదు. పైగా ఖాళీదే.”

మా స్టోర్‌కీపర్ పెద్దాయన. అందరం బాబాయ్ అనేవాళ్లం. ఇంగ్లీషు అంతంతమాత్రం. ఆయన వెనకనుంచి ఒక్క అరుపు అరిచాడు. తిట్లు ఇక్కడ రాయలేను. టార్చ్ గొట్టాలు అవతలికి లాగించి, గ్యాస్ సిలిండర్లు మూయించి, అప్పుడు డ్రమ్ము బిరడా మెల్లగా వదులు చేశాడు. బుస్సుమంది. దూరంగా ఉన్న నాకే ముక్కు పగిలిపోయే వాసన.

“ఖాళీ అన్నావుగా! మరి ఈ వాసన ఎక్కణ్ణుంచి వస్తోందిరా?”

కుర్రాడు బాబాయ్‌కి జవాబు చెప్పలేక నా వైపు తిరిగి, “ఇన్ అంటే నాట్ కదా సార్?” అన్నాడు. వాణ్ణి తప్పుపట్టను. నేర్పిన సూత్రాన్ని నేర్పినట్టే వాడాడు. ఒక్క ఇంగ్లీషు ముక్క రానివాడైతే వాసన చూసి దూరం జరిగేవాడు.

బాబాయ్‌కి తెలిసింది, లేబుల్ చెప్పనిది ఏమిటంటే, మండేది ద్రవం కాదు, దాని మీద లేచే ఆవిరి. నిండు డ్రమ్ములో ఆవిరికీ గాలికీ చోటు ఉండదు. ఖాళీ డ్రమ్ములో అడుగున మిగిలిన కాస్తా ఆవిరై, లోపలి గాలితో కలిసి నిప్పురవ్వ కోసం ఎదురుచూస్తూ ఉంటుంది. పెట్రోల్ సంగతే తీసుకోండి. గాలిలో దాని ఆవిరి సుమారు 1.4 నుంచి 7.6 శాతం మధ్య ఉంటే అంటుకుంటుంది. దాని ఫ్లాష్ పాయింట్, అంటే అంటుకునేంత ఆవిరి లేవడానికి కావాల్సిన కనీస ఉష్ణోగ్రత, మైనస్ 40 డిగ్రీల ప్రాంతంలో ఉంటుంది. అంటే నీళ్లు గడ్డకట్టే చలిలో కూడా అంటుకోవడానికి సరిపడా ఆవిరి లేస్తూనే ఉంటుందన్నమాట.

ఈ ‘ఖాళీ’ అనే మాట చేసే మోసం గురించి ఒక పెద్దమనిషి ఎప్పుడో రాశాడు. బెంజమిన్ లీ వోర్ఫ్. భాషాశాస్త్రంలో పెద్ద పేరు, జీతం మాత్రం ఇన్సూరెన్స్ కంపెనీలో. ఎంఐటీలో కెమికల్ ఇంజినీరింగ్ చదివి, 1919లో హార్ట్‌ఫర్డ్ ఫైర్ ఇన్సూరెన్స్ కంపెనీలో చేరాడు. అగ్నిప్రమాదాలు ఎందుకు జరుగుతున్నాయో చూడటం ఆయన పని. పెట్రోల్ డ్రమ్ములు ఉన్నచోట ఒళ్లు దగ్గర పెట్టుకుని మసలే మనుషులే, ‘ఖాళీ డ్రమ్ములు’ అన్నచోట సిగరెట్లు కాల్చి పీకలు విసిరేయడం గమనించాడు. ఇంకోచోట, పేరులో సున్నపురాయి ఉంది కదా, రాయి ఏం మండుతుందిలే అని ఒక పూతని మంటకి దూరంగా ఉంచలేదట. ఆమ్లం ఆవిర్లు తగిలి తగిలి అందులో కొంత వేరే పదార్థంగా మారింది. అది వేడికి విడిపోయి అసిటోన్ పుట్టింది, భగ్గున మండింది. భాష మన ఆలోచనని నడిపిస్తుందన్న ఆయన వాదం మీద పండితులు ఇప్పటికీ కొట్టుకుంటున్నారు. కొట్టుకోనివ్వండి. స్టోర్స్‌లో పనిచేసిన ఏ ఒక్కణ్ణి అడిగినా ఆయన వైపే ఓటేస్తాడు.

నిప్పుతో పని ఉన్నవాళ్లకి ఇదంతా ముందే అర్థమైంది. 1920లలోనే అమెరికాలో నేషనల్ ఫైర్ ప్రొటెక్షన్ అసోసియేషన్ ‘ఇన్’ వదిలేసి ఫ్లేమబుల్ అని రాయమని పోరింది. బ్రిటన్ ప్రమాణాల సంస్థ 1959లో అదే మాట చెప్పింది. మండనిదానికి నాన్‌ఫ్లేమబుల్. గొడవ వదిలింది అనుకుంటాం, కానీ ఫ్లేమబుల్ అపభ్రంశమని, వినడానికి బాగోలేదని ముక్కు విరిచే భాషాభిమానులు ఇప్పటికీ ఉన్నారు. వాళ్లని ఒక పూట డ్రమ్ములు దొర్లించమనాలి.

నా అసలు కడుపుమంట లేబుళ్లు తయారుచేసేవాళ్ల మీద. కంపెనీ పేరు అరచేతంత, హెచ్చరిక చీమ తలకాయంత. ఎర్ర అంచు డైమండ్‌లో మంట బొమ్మ వేయమని అంతర్జాతీయ పద్ధతి ఒకటి ఉంది, దానికి ఏ భాషా రానక్కర్లేదు. ఆ బొమ్మని ఎక్కడ అంటిస్తారు? గోడవైపు తిరిగే పక్క! పైన ఇంకో డ్రమ్ము ఎక్కిస్తే అదీ కనపడదు. సేఫ్టీ ట్రైనింగ్ అని పిలిచి ప్రొజెక్టర్ పెట్టి, సంతకాలు తీసుకుని పంపించేస్తారు. డ్రమ్ము మూత దగ్గర నిలబెట్టి వాసన చూపించినవాణ్ణి బాబాయ్ తర్వాత ఇంకొకణ్ణి చూడలేదు.

ఇంతకీ ఏది వాడాలంటే, పరీక్షలో అడిగితే రెండూ ఒకటే అని రాసేయండి, మార్కులు వస్తాయి. రెచ్చగొట్టే ప్రసంగాన్ని ఇన్‌ఫ్లమేటరీ అనాల్సిందే, అక్కడ ‘ఇన్’ తీసేస్తే మాటే లేదు. ముక్కుమీద కోపం ఉన్నవాణ్ణి ఇన్‌ఫ్లేమబుల్ అన్నా నాకేం అభ్యంతరం లేదు. డబ్బాల మీదా, ట్యాంకర్ల మీదా మాత్రం ఫ్లేమబుల్ అనే రాయండి. లోపలున్నది అయిపోయింది కదా అని ఆ లేబుల్ పీకేయకండి.