డిగ్రీ మధ్యలో నాటక సమాజంతో ఊళ్లు తిరిగొస్తానంటోంది, పంపించొచ్చా?

ప్రశ్న: మాది కర్నూలు. మా పాప బీకాం రెండో ఏడాది. వాళ్ల కాలేజీ పిల్లలూ ఒక ప్రొఫెషనల్ నాటక సమాజమూ కలిసి పౌరాణిక పద్యనాటకం వేస్తున్నారు. కర్నూలు, నంద్యాల, అనంతపురం, కడపలో ప్రదర్శనలంట. పాపకు చిన్న వేషం, దాంతోపాటు స్టేజీ పనులు. చదువు దెబ్బతింటుందని నాకు టెన్షన్, వాళ్లమ్మకు రాత్రి ప్రయాణాలంటే భయం. దీనివల్ల రేపు ఏమైనా పనికొస్తుందా?

జవాబు: పంపించండి అన్నా. కాకపోతే వేషం కోసం కాదు, మీరు చివర్లో తేలిగ్గా రాసిన ఆ స్టేజీ పనుల కోసం పంపించండి.

కాలేజీ యానివర్సరీలో నాటకమంటే ఒకే స్టేజీ, ఒకే రాత్రి, చూసేవాళ్లంతా మనవాళ్లే. ఊరూరూ తిరిగే నాటకం అలా ఉండదు. ఒకచోట స్టేజీ లోతు చాలదు, ఇంకోచోట పరదా కట్టడానికి పైన ఆధారమే ఉండదు, మరో ఊళ్లో లైట్లన్నీ ఒకేసారి వేస్తే కరెంటు పోతుంది. సాయంత్రం లోపల ఇవన్నీ సర్దుకుని, ఏ గద స్టేజీకి ఏ పక్క వింగ్ (నటులు లోపలికొచ్చే చోటు) దగ్గర ఉండాలో, ఏ కిరీటం ఎవరి పెట్టెలో ఉందో చూసుకుని, ఆట అయ్యాక అర్ధరాత్రి అన్నీ లెక్కపెట్టి మళ్లీ బండికెక్కించాలి. ఈ పని నమ్మకంగా చేసే మనిషి ఈవెంట్ కంపెనీలకు కావాలి, టీవీ వాళ్లకు కావాలి, సినిమా ప్రొడక్షన్ వాళ్లకూ కావాలి. నటిస్తామని వచ్చేవాళ్లకు ఎక్కడా కొదవ లేదు.

అందులోనూ పద్యనాటకం కాబట్టి ఇంకో లాభం ఉంది. పాటలతోనే నడిచే పాశ్చాత్య ఒపేరాలో గాయకులు, వాద్యబృందాన్ని నడిపించే కండక్టర్ చేతిని చూసి నడుస్తారు, మన దగ్గర హార్మోనియం వాయించే ఆయనే నటుడి వెంట పోతాడు. పెద్ద నటుడికి ఆ రోజు గొంతు బాగుండి, జనం వన్స్ మోర్ అన్నారంటే పద్యం ఎంతసేపైనా సాగుతుంది. గడియారం చూసి లైటు మార్చడం, పరదా లాగడం అక్కడ కుదరదు, ఆయన రాగం ఎక్కడ దించబోతున్నాడో విని పట్టుకోవాలి. ఇది క్లాసులో కూర్చుంటే రాదు. (పాప కూడా పద్యం పాడుతుంటే శృతి సంగతి మొదటి రిహార్సల్లోనే హార్మోనిస్టుతో మాట్లాడుకోమనండి. మగవాళ్ల శృతికి ఆడపిల్ల గొంతు సాగదీసుకుంటూ పాడితే రెండో ఊరికే బొంగురుపోతుంది.)

పరదా లాగే పని చిన్నతనమని చుట్టాలెవరైనా అంటే సురభి నాటక సమాజం వాళ్లను గుర్తుచేయండి. 1885లో మన కడప జిల్లా సురభి గ్రామంలోనే మొదలైంది ఆ సమాజం. వేషం కట్టిన కుటుంబంలోవాళ్లే తెరవెనక పనులూ చూసుకుంటారు.

మీ పాప బీకాం కదా, సమాజం మేనేజరును అడిగి ఈ టూరు లెక్కలు తన చేతికి ఇప్పించుకోమనండి. లారీ కిరాయి, హాలు అద్దె, మేకప్ ఆయనకిచ్చిన అడ్వాన్సు, భోజనాలు, అన్నీ రోజుకారోజు రాయాలి. ఊరికే అందరికీ సాయం చేశానంటే రేపు ఇంటర్వ్యూలో ఎవరూ పట్టించుకోరు, టూరంతా సామానూ లెక్కలూ నేనే చూశానని పుస్తకం తీసి చూపిస్తే అది వేరు.

చదువు విషయం: ముందు ప్రదర్శనల తేదీలను సెమిస్టర్ పరీక్షల టైమ్‌టేబుల్ పక్కన పెట్టి చూడండి, తగిలితే ఆ ఊరు వదిలేయాల్సిందే, అందులో మొహమాటం వద్దు. కాలేజీయే వేస్తున్న నాటకం కాబట్టి హాజరు పోకుండా ప్రిన్సిపాల్ దగ్గర ఓడీ (ఆన్ డ్యూటీ) లెటర్ ముందే రాయించుకోండి, తర్వాత ఇస్తాంలే అంటే ఒప్పుకోవద్దు. వాళ్లమ్మ భయం న్యాయమైనదే. అనంతపురం కర్నూలుకు 150 కిలోమీటర్ల దాకా ఉంటుంది, ఆట అయ్యాక అర్ధరాత్రి బయల్దేరతారా, పడుకుని పొద్దున్నే వస్తారా? అమ్మాయిలకు వేరే బస ఉందా, వెంట లేడీ లెక్చరర్ వస్తున్నారా? కాగితం మీద అడగండి. జవాబివ్వడానికి విసుక్కునే సమాజమైతే మానిపించండి, అక్కడ ఎంత గొప్ప నటులున్నా సరే.

ఇక రేపటి సంగతి. పద్యనాటకం మీదే బతకడం కష్టం, వేసేవాళ్లలో చాలామందికి పగలు వేరే ఉద్యోగం ఉంటుంది, కాబట్టి బీకాం ఆపే మాటే వద్దు. డిగ్రీ అయ్యాక ఆసక్తి అలాగే ఉంటే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో థియేటర్ ఆర్ట్స్ పీజీ ఉంది. ఢిల్లీ నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామాలో మూడేళ్ల కోర్సు, స్కాలర్‌షిప్ కూడా ఇస్తారు, కానీ దానికి డిగ్రీతోపాటు కనీసం 6 వేర్వేరు నాటకాల్లో పాల్గొన్నట్టు ఆధారాలు అడుగుతారు. ఒకే నాటకాన్ని నాలుగూళ్లలో వేసినా లెక్కకు ఒకటే, ఇక్కడే చాలామంది పిల్లలు పొరబడతారు. వేషాల మీదే మోజుంటే ఆకాశవాణిలో నాటక విభాగం ఆడిషన్‌కు వెళ్లొచ్చు, కేంద్రం కడపలోనే ఉంది.

ఆధారమంటే కరపత్రం, ఫొటోలు, సమాజం ఇచ్చే సర్టిఫికెట్. తెరవెనక పనిచేసినవాళ్ల పేర్లు కరపత్రంలో వేయడం మనవాళ్లు తరచూ మర్చిపోతారు. కాబట్టి అది ప్రింటుకు వెళ్లేలోపే పాప పేరు, చేసే పనితో సహా అందులో ఉందో లేదో మీరే ఒకసారి వెళ్లి చూసి రండి.