ఆదివారం వాక్యం బుధవారం దాకా నిలవాలంటే: మీ ప్రశ్నలు, మా జవాబులు

పోయిన నెల ఈ శీర్షికలో చర్చి యూట్యూబ్ చానెళ్ల గురించి నాలుగు మాటలు రాశాక, ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల నుంచి చాలా ఉత్తరాలు, వాట్సాప్ మెసేజ్‌లు వచ్చాయి. దాదాపు అందరి బాధా ఒకటే. ఆదివారం చెప్పిన వాక్యం వారం మధ్యలోకి ఎట్లా తీసుకుపోవాలి? అందుకే ఈసారి వాటికే జవాబులు. పేర్లు, ఊర్లు కావాలనే తీసేశాను.

ప్రశ్న: వందనాలు బ్రదర్. మాది చిన్న సంఘం, ఎనభై మంది దాకా వస్తారు. ఏడాదిగా ఆరాధన మొత్తం, రెండున్నర గంటలు, లైవ్ పెడుతున్నాం. చూసేది పది పన్నెండు మంది, అందులో సగం మా చుట్టాలే. వాక్యం ఏం చెప్పామని సోమవారం అడిగితే ఎవరికీ గుర్తుండదు. ఇంకా మంచి కెమెరా కొనాలా, వేరే యాప్ ఏమన్నా ఉందా?
– ఒక పాస్టర్, నల్లగొండ జిల్లా

జవాబు: అయ్యగారూ, ముందు కెమెరా ఆలోచన పక్కన పెట్టండి. లైవ్ ఉన్నది రాలేనివాళ్ల కోసం. మంచం పట్టిన పెద్దవాళ్లు, బాలింతలు, మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుము, మోకాళ్లు బిగుసుకుపోయి మందిరం మెట్లు ఎక్కలేనివాళ్లు. వాళ్లు పది మందే చూసినా సరే, లెక్క తక్కువుందని ఆపకండి. మీరు అడిగే ఇబ్బంది మాత్రం మందిరానికి వచ్చిన ఆ ఎనభై మందిది. వాళ్లు విన్నారు, ఇంటికి పోయి అన్నం తిన్నారు, సోమవారం పొద్దున ఆరింటికి పత్తి ఏరడానికి ఆటో ఎక్కారు. వాళ్లకు మళ్లీ అదే రెండున్నర గంటలు చూపిస్తే ఎవరు చూస్తారు చెప్పండి.

నేను మా సంఘంలో సౌండు, ఫోన్ల పని చూసుకుంటాను. మేమూ మూడేళ్లు లైవ్ మీదే పడ్డాం. ఇప్పుడు చేస్తున్నది చాలా చిన్న పని. శనివారం సాయంత్రం రేపటి లేఖన భాగం గ్రూపులో పెడతాం, చదువుకుని రమ్మని. ఆదివారం మధ్యాహ్నం పాటలు, ప్రకటనలు తీసేసి ప్రసంగం ఒక్కటే ఆడియోగా పంపుతాం. బుధవారం రాత్రి అయ్యగారు తన గొంతుతోనే రెండు నిమిషాల వాయిస్ మెసేజ్ పెడతారు, చివర ఒకే ఒక్క ప్రశ్న అడుగుతారు. వచ్చిన జవాబులన్నీ శుక్రవారం కూర్చొని వింటారు, ఆదివారం ప్రసంగం ఎత్తుకునేటప్పుడు వాటిలోంచి రెండు మూడు, ఎవరివో చెప్పకుండా, చెప్పి మొదలుపెడతారు. ఈ చివరి పని చేయకపోతే మిగతావన్నీ రెండు నెలల్లో ఆగిపోతాయి, రాసిపెట్టుకోండి. తన మాట అయ్యగారి దాకా పోయిందని తెలిస్తేనే మనిషి రెండోసారి మాట్లాడతాడు.

ఆ ప్రశ్న ఎట్లా అడగాలన్నదే అసలు కష్టం. కిందటి వరికోతలప్పుడు మా దగ్గర రూతు రెండో అధ్యాయం మీద ప్రసంగం జరిగింది, రూతు పరాయి చేలో పరిగె, అంటే కోతయ్యాక మిగిలిన కంకులు, ఏరుకునే భాగం. "మీకు నచ్చిన వచనం ఏది?" అని అడిగుంటే నలుగురు వచనం కాపీ చేసి పెట్టేవాళ్లు, మిగతావాళ్లు చేతులు జోడించిన బొమ్మ పెట్టేవాళ్లు, అక్కడికి అయిపోయేది. అయ్యగారు అట్లా అడగలేదు. "ఇప్పుడు అందరం మిషన్‌తో కోయిస్తున్నాం కదా, మన చేలల్లో పరిగె ఎవరికి మిగులుతోంది?" అన్నారు. ఆ రాత్రే 23 వాయిస్ మెసేజ్‌లు వచ్చాయి. ఎప్పుడూ నోరు తెరవని ఒక పెద్దమ్మ, చిన్నప్పుడు వాళ్లమ్మతో పరిగె ఏరడానికి పోతే ఎవరు రానిచ్చేవాళ్లో, ఎవరు తరిమేవాళ్లో ఇళ్లతో సహా చెప్పింది. ఒక కౌలు రైతు, కౌలు కట్టి మిషన్ కిరాయి ఇచ్చాక పరిగె సంగతి దేవుడెరుగు, తనకే ఏం మిగలట్లేదన్నాడు. ఇంకొకాయన, మిషన్ తిరగక చేను మూలల్లో మిగిలేది కొడవలితో కోసుకుంటాం కదా, ఈసారి అది వదిలేస్తానన్నాడు. పొలం అంచులదాకా కోయొద్దని లేవీయకాండం 19వ అధ్యాయంలో ఉన్న సంగతి ఆయనకు తెలియదు. అయ్యగారు తర్వాతి ఆదివారం అదే తీసుకున్నారు, ఆ కౌలు రైతు మాటతోనే మొదలుపెట్టారు. ఆ రోజు మందిరంలో ఎవరూ ఫోన్ వైపు చూడలేదు.

ఇందులో కొత్తేమీ లేదు కూడా. కొలొస్సయులకు రాసిన పత్రిక నాలుగో అధ్యాయంలో పౌలు ఏమంటాడు? ఈ పత్రిక మీ దగ్గర చదివించుకున్నాక లవొదికయ సంఘంలో కూడా చదివించండి, అక్కడి పత్రిక మీరు చదువుకోండి అంటాడు. ఒకచోట విన్నది ఇంకోచోటికి నడవడం మొదటినుంచీ ఉన్నదే.

ఇక పనిముట్ల సంగతి. వాట్సాప్‌లో కమ్యూనిటీ తెరిచి రెండు గ్రూపులు పెట్టండి. ఒకదాంట్లో అడ్మిన్లు మాత్రమే పంపేలా సెట్టింగ్ మార్చి లేఖన భాగం, ఆడియో అందులో పెట్టండి, రెండోది మాట్లాడుకోవడానికి. రెండూ ఒకే గ్రూపులో ఉంటే గుడ్ మార్నింగ్ పువ్వుల కింద ప్రసంగం దొరకదు. బ్రాడ్‌కాస్ట్ లిస్టుతో, అంటే గ్రూపు లేకుండా ఒకే మెసేజ్ అందరికీ విడివిడిగా పోయేలా, పంపేవాళ్లు ఒకటి గమనించండి, మీ నంబరు వాళ్ల ఫోన్‌లో సేవ్ అయి ఉంటేనే అది చేరుతుంది. చాలామంది అయ్యగార్లు నెలలుగా పంపుతూనే ఉన్నారు, సగం మందికి పోవట్లేదని తెలియదు. ఆడియో సేవ్ చేసేటప్పుడు సెట్టింగ్‌లో మోనో (ఒకే చానెల్), 64 కేబీపీఎస్ (సౌండు క్వాలిటీ లెక్క) పెడితే అరగంట ప్రసంగం 15 ఎంబీ లోపే వస్తుంది, మాట శుభ్రంగా వినబడుతుంది. ఫోన్‌ను వెనక బెంచీ మీద పెట్టి రికార్డు చేయకండి, ఫ్యాన్ చప్పుడు తప్ప ఏమీ రాదు. వైరు కాలర్ మైకు వెయ్యి రూపాయల లోపే దొరుకుతుంది, అది పెట్టుకుని ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో జేబులో వేసుకోండి. కెమెరా డబ్బులు మిగిలినట్టే.

ప్రశ్న: అన్నా, మా ఊరి సంఘంలో సగం కుటుంబాలు పుణె, ముంబై, హైదరాబాద్ పనులకు పోతారు. పండగకు తప్ప రారు. ఫోన్లున్నాయి గానీ రోజంతా పనిలో ఉంటారు, డేటా మిగలదు, చాలామందికి చదువు రాదు. నేను సండే స్కూల్ టీచర్‌ని. వాళ్లకు ప్రతి వారం వాక్యం ఎట్లా అందించాలి?
– ఒక చెల్లెలు, మహబూబ్‌నగర్ జిల్లా

జవాబు: చెల్లెమ్మా, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. పాలమూరు కూలీలు కట్టని ప్రాజెక్టు దేశంలో లేదంటారు. తరాలుగా అట్లా పోతున్నవాళ్లకు ఊరి మందిరం అంటే సంక్రాంతికి, క్రిస్మస్‌కు చూసేది మాత్రమే అయిపోయింది. ఇప్పుడు ఫోన్ పుణ్యమా అని ఆ దూరం కొంచెం తగ్గించగలం, కాబట్టి ఈ పని వదలకు.

వాళ్లకు అరగంట ఆడియో కూడా ఎక్కువే. ఐదు నిమిషాలు చాలు. అయ్యగారిని అడిగి ప్రసంగంలో ముఖ్యమైన ఒకే మాట తీసుకుని, వాళ్లు మాట్లాడుకునే భాషలోనే నువ్వే వాయిస్ మెసేజ్ చెయ్యి. పుస్తక భాష వద్దు. పగలు పంపకు, రాత్రి వంటలయ్యాక ఎనిమిదిన్నరకు పంపు, ప్రతి వారం అదే టైముకు. ఒక్కో సైటులో ఉన్నవాళ్లలో ఒకరిని పెద్దగా పెట్టుకో. ఆ మనిషి ఫోన్ మధ్యలో పెట్టి స్పీకర్‌లో వినిపిస్తే పది మంది డేటా ఖర్చు కాదు, పైగా కలిసి విన్నవాళ్లు దాని గురించి మాట్లాడుకుంటారు. వీడియో మీటింగ్ పెట్టమని కొందరు సలహా ఇస్తారు. జూమ్ ఉచితంగా 40 నిమిషాలు, గూగుల్ మీట్ ఉచితంగా గంట ఇస్తాయి, నెలకోసారి పెడితే తప్పులేదు. వారం వారం మాత్రం వద్దు, పనిచేసి అలిసిన మనిషి స్క్రీన్ ముందు కూర్చోలేడు. తెలుగు ఆడియో బైబిల్ యాప్‌లు ఉచితంగా ఉన్నాయి. పండగకు వచ్చినప్పుడు మందిరం వైఫైలోనో, నీ ఫోన్ హాట్‌స్పాట్‌తోనో వాళ్ల ఫోన్లలో సువార్తలు డౌన్‌లోడ్ చేసి పంపించు, తర్వాత డేటా అక్కర్లేదు.

ఇంకొకటి చెయ్యి, ఇదే అన్నిటికన్నా పెద్దది. వాళ్ల దగ్గర్నుంచి కూడా వాయిస్ తెప్పించు. "ఈ వారం ఏం ప్రార్థన చెయ్యమంటారు, ఏం మేలు జరిగింది" అని అడిగి, వాళ్లు ఒప్పుకుంటే ఆ గొంతు ఆదివారం మందిరం స్పీకర్‌లో వినిపించు. ముంబై దగ్గరి భివండి నుంచి కొడుకు గొంతు వినబడినప్పుడు ఇక్కడ ముందు వరసలో కూర్చున్న తల్లి ముఖం చూడు, ఆ తర్వాత ఈ పని ఎందుకు చేస్తున్నానన్న సందేహం నీకు రాదు.

మీ దగ్గర తండాల వాళ్లు ఉంటే లంబాడీలో ఇంకో వాయిస్ తప్పకుండా చేయించు, తండాలో పెద్దమనిషి ఎవరైనా చెప్పగలరు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్, దేవరకొండల్లో ఎంబీ (మెన్నోనైట్ బ్రదరెన్) మిషన్ పనిచేసిన రోజుల్లో బైబిల్ స్త్రీలు ఇల్లిల్లూ తిరిగి, చదువు రాని ఆడవాళ్ల పక్కన కూర్చుని వాక్యం వాళ్ల మాటల్లో చెప్పేవాళ్లు. నువ్వు చేయబోయేది ఆ పనే.

ప్రశ్న: మా యూత్ వాళ్లం పాస్టర్ గారి ప్రసంగాన్ని ఏఐతో టైప్ చేయించి, దాంతోనే రోజుకొక ధ్యానం తయారు చేసి పోస్టర్లు పెడదామనుకుంటున్నాం. పెద్దలు వద్దంటున్నారు. మీరేమంటారు?
– ఒక యువకుడు, మిర్యాలగూడ

జవాబు: తమ్ముడూ, టైప్ చేయించడం వరకు మంచిదే. గూగుల్ డాక్స్‌లో వాయిస్ టైపింగ్ తెలుగులో పనిచేస్తుంది, ఫోన్‌లో జీబోర్డ్ (గూగుల్ కీబోర్డు) కూడా అంతే. కానీ మైకులో వచ్చే ప్రసంగాన్ని నేరుగా వినిపిస్తే సగం తప్పులొస్తాయి. ఒకరు ఇయర్‌ఫోన్ పెట్టుకుని విని, ఆ వాక్యాలు నెమ్మదిగా తిరిగి చెబితే బాగా వస్తుంది. బైబిల్ పేర్లు, అధ్యాయం, వచనం నంబర్లు ఒక్కొక్కటీ బైబిల్ తెరిచి సరిచూడాలి.

ధ్యానం రాయించడం దగ్గర మాత్రం నేను మీ పెద్దల వైపే. ఈ చాట్‌బాట్‌లు లేని వచనాన్ని ఉన్నట్టే రాస్తాయి, ఉన్న వచనానికి వేరే నంబరు వేస్తాయి, అదీ ఎంత నమ్మకంగా అంటే చదివినవాడికి అనుమానమే రాదు. అయ్యగారి ఫొటో పక్కన ఆయన అనని మాట పెడితే అది ఆయన మాటగానే ఊరంతా తిరుగుతుంది. రోజుకొక పోస్టర్ ఎవరడిగారు? వారానికి ఒకటే పెట్టండి, ఆదివారం ఆయన నోట నిజంగా వచ్చిన వాక్యమే పెట్టండి, పంపేముందు ఆయనకు చూపించండి. మీ ఉత్సాహం ఇంకా మిగిలితే పాత ప్రసంగాల వీడియోలకు టైమ్ గుర్తులు (ఏ మాట ఏ నిమిషంలో ఉందో) పెట్టండి, అది ఎవరూ చేయని పని. వీడియో కింద డిస్క్రిప్షన్‌లో మొదటి గుర్తు 00:00 దగ్గర మొదలవ్వాలి, కనీసం మూడు గుర్తులుండాలి, అప్పుడే యూట్యూబ్ వాటిని భాగాలుగా చూపిస్తుంది. పెళ్లి గురించో అప్పుల గురించో అయ్యగారు చెప్పిన ఆ పది నిమిషాలు వెతుక్కునేవాళ్లకు వెంటనే దొరుకుతాయి.

ప్రశ్న: ప్రసంగం వీడియో 15 నిమిషాలు దాటితే అప్‌లోడ్ అవ్వట్లేదు. అయినవాటికి పాటల వల్ల కాపీరైట్ క్లెయిమ్ వస్తోంది.
– సూర్యాపేట

జవాబు: మొదటిదానికి చానెల్‌ను ఫోన్ నంబర్‌తో వెరిఫై చేయండి, చాలు. రెండోదానికి పాటలు కత్తిరించి ప్రసంగం ఒక్కటే పెట్టండి. ప్రార్థన వెనక వినిపించే కీబోర్డు ట్రాక్ కూడా ఇంటర్నెట్ నుంచి దింపినదైతే క్లెయిమ్ రావచ్చు, మీ పిల్లలే వాయిస్తే ఆ గొడవ ఉండదు.

ప్రశ్న: అన్నా, నా ఆరోగ్యం గురించి ప్రార్థన చేయమని పాస్టర్ గారికి చెప్పుకున్నాను. ఆయన మంచి మనసుతోనే లైవ్‌లో నా పేరు, జబ్బు పేరు చెప్పి ప్రార్థించారు. ఆ వీడియో ఇంకా యూట్యూబ్‌లో ఉంది. మాకు సంబంధం మాట్లాడుతున్న వాళ్లు అది చూశారు, మళ్లీ ఫోన్ చేయలేదు. ఎవరితో చెప్పుకోవాలో తెలియడం లేదు.
– ఒక సోదరి

జవాబు: అమ్మా, నీకు జరిగింది చాలా అన్యాయం. మంచి మనసుతో చేసినా అన్యాయమే. నీ ఉత్తరం నేను వేస్తున్నది పాస్టర్లందరూ చదవాలని. అయ్యగార్లూ, మందిరంలో నలభై మంది మధ్య చెప్పిన మాట ఆ గోడల మధ్యే ఉంటుంది, లైవ్‌లో చెప్పింది ఎవరెప్పుడు వెతికినా దొరుకుతుంది. ప్రార్థన మనవులు మొదలుపెట్టే ముందు లైవ్ ఆపండి. వాట్సాప్ గ్రూపులో కూడా జబ్బులు, అప్పులు, ఇంటి తగాదాలు పేర్లతో రాయకండి. చిన్నపిల్లల సాక్ష్యాలు తల్లిదండ్రులను అడగకుండా పెట్టకండి.

నీ వీడియో సంగతి చెబుతాను. మొత్తం తీసేయాల్సిన పని లేదు, ఆ మాట వాళ్లకు చెప్పు, ఒప్పుకోవడం తేలికవుతుంది. చానెల్ చూసుకునే అబ్బాయి కంప్యూటర్‌లో యూట్యూబ్ స్టూడియో తెరిచి, ఎడిటర్‌లో ఆ రెండు నిమిషాలు కత్తిరించి సేవ్ చేస్తే చాలు, లింకు అదే ఉంటుంది, మిగతా ప్రసంగం అట్లాగే ఉంటుంది. మార్పు కనబడటానికి కొన్ని గంటలు పట్టవచ్చు, అప్పటిదాకా వీడియోను ప్రైవేట్‌లో పెట్టమను. అదే వీడియో ఫేస్‌బుక్‌లో కూడా పెట్టారేమో అడుగు, చాలామంది అది మర్చిపోతారు. అయ్యగారితో నేరుగా మాట్లాడటం ఇబ్బందిగా ఉంటే అమ్మగారి దగ్గరికి వెళ్లు, నిమిషం ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోతుందో కాగితం మీద రాసి తీసుకెళ్లు. వారం లోపల తీయకపోతే నాకు మళ్లీ రాయి, వాళ్లతో నేను మాట్లాడతాను.